అప్‌డేట్‌కు అర్హత లేదు

2025 చివర్లో ఒక సోమవారం పొద్దున మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ తెరిచేసరికి అన్ని తెరల మీదా ఒకే సందేశం. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ వచ్చిందట. దానికి మారడానికి ఈ కంప్యూటర్‌కు అర్హత లేదట. మా ల్యాబ్‌లో ఉన్నవి 24 సిస్టమ్‌లు. పని చేసేవి 17. ఆ పదిహేడింటికీ అర్హత లేదు.

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి అడిగింది, "మేడం, ఇవి కూడా గెస్ట్ ఫ్యాకల్టీయేనా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత చాలాసేపు ఆ మాట నన్ను వదల్లేదు.

నాకు తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉంది. వయసు ముప్పై ఏడు. నగరం శివార్లలోని ఒక మహిళా డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతాను. వేసవి సెలవుల్లో జీతం ఉండదు. జూన్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ దరఖాస్తు, మళ్లీ సర్టిఫికెట్ల జిరాక్సులు, మళ్లీ ఇంటర్వ్యూ. ఏటా నన్ను నేను కొత్త వెర్షన్‌కు మార్చుకుంటూ ఉండాలి. అయినా అర్హత గురించిన ప్రశ్న అక్కడే ఉంటుంది.

సాహిత్యం చదివిన మనిషికి కంప్యూటర్ ల్యాబ్‌లో ఏం పని అని మీరు అడగవచ్చు. 2019లో మా కాలేజీలో నైపుణ్య కోర్సు కింద 'వెబ్ డిజైనింగ్' పెట్టారు. కంప్యూటర్ సైన్స్ మేడం ప్రసూతి సెలవులో ఉన్నారు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "మీకు తెలుగు టైపింగ్ వచ్చు కదమ్మా, ఈ సెమిస్టర్‌కు మీరు చూసుకోండి" అన్నారు. తెలుగు టైపింగ్‌కీ వెబ్ డిజైనింగ్‌కీ మధ్య ఎంత దూరముందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. వారానికి నాలుగు గంటలు అదనంగా వస్తాయి కదా అని ఒప్పుకున్నాను. రాత్రుళ్లు కూర్చుని నేర్చుకున్నాను. ఒక పాఠం ముందుండి పిల్లలకు చెప్పాను. ఆ ఒక్క సెమిస్టర్ ఇప్పటికీ పూర్తి కాలేదు.

సిలబస్‌లో ఒక యూనిట్ ఫ్లాష్ మీద ఉండేది. 2020 డిసెంబర్ 31తో అడోబీ సంస్థ ఫ్లాష్‌ను పూర్తిగా ఆపేసింది. ఆ తర్వాత కూడా రెండేళ్లు పరీక్షలో ఫ్లాష్ మీద ప్రశ్న వచ్చింది. లేని వస్తువు గురించి పిల్లలు పది మార్కులకు రాశారు. నేను వాటిని దిద్దాను. ఇందులో నాకు వింతేమీ కనిపించలేదు. సాహిత్యం క్లాసులో కూడా ఎప్పుడో పోయిన వాటి గురించే కదా పదేసి మార్కులకు రాయిస్తాం!

*

మొదటి ఏడాది జరిగిన ఒక విషయం చెప్పాలి. పిల్లలు తమకు నచ్చిన అంశం మీద ఒక పేజీ తయారు చేయాలి. ఒక బృందం 'స్త్రీల ఆరోగ్యం' అనే అంశం తీసుకుంది. పేజీ పైన రంగు పట్టీ, అందులో తెలుగులో శీర్షిక. తెర మీద చూస్తే 'సీల ఆరోగ్యం' అని ఉంది. అక్షరదోషమేమో అనుకుని కోడ్ చూశాను. అక్కడ స్పష్టంగా 'స్త్రీల' అనే ఉంది. ఇంగ్లిషు అక్షరాల కొలతకు కుదిరిన పట్టీ అది. పట్టీ ఎత్తు దాటి కిందికి దిగిన భాగాన్ని దాచేయమని అందులో సూచన ఉంది. తకారపు ఒత్తూ రకారపు ఒత్తూ ఆ అంచు కింద తెగిపోయాయి. స్త్రీ 'సీ' అయింది.

పిల్లలకు నవ్వొచ్చింది. నాకు మాత్రం ఒక పెద్ద పాఠం దొరికింది. ఆ రోజు జావాస్క్రిప్ట్‌లో 'స్త్రీ' అన్న మాట పొడవెంతో అడిగి చూపించాను. ఆరు అని వచ్చింది. కంటికి ఒకే అక్షరం. యంత్రానికి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మొత్తం ఆరు సంకేతాలు. వెబ్‌లో ఇప్పుడు వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి 18 బైట్లు. ఇంగ్లిషులో అదే అర్థమున్న మాటకు ఐదే అక్షరాలు, ఐదే బైట్లు. పట్టీ ఎత్తు, వరసల మధ్య ఖాళీ, ఫారంలో పేరు రాసే గడి పొడవు... ఇవన్నీ ఎవరో ఒక భాషను మనసులో పెట్టుకుని నిర్ణయించినవి. ఆ భాష అందరిదీ అనుకుంటారు. మిగిలిన భాషలకు విడిగా ఏర్పాట్లు చేయాలి.

ఈ వాక్యంలో భాష అన్నచోట మగవాడు అని పెట్టి చదవమని నేను పిల్లలకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. "మేడం, మా ఊరి బస్సులో పైన పట్టుకునే కడ్డీ కూడా అంతే, నాకందదు" అంది ఒక అమ్మాయి.

అప్పటికి ఏడాది కిందటి వార్త కూడా గుర్తొచ్చింది. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచ వార్తల్లోకెక్కింది. 'జ్ఞా' అనే అక్షరం. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక సంకేతం, చివర దీర్ఘం. ఈ వరసలో సందేశం వస్తే ఐఫోన్లో ఆ యాప్ కుప్పకూలిపోయేది. ఒక్కోసారి ఫోన్ మొత్తం మొరాయించేది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ 11.2.6 అనే అప్‌డేట్ ఇచ్చి సరిదిద్దింది. ఆ నాలుగు రోజులూ ఫోన్లను చంపే అక్షరమంటూ ఎన్ని జోకులో! మనవాళ్లు కూడా గర్వంగా పంచుకున్నారు. తప్పు ఆ అక్షరాన్ని గీయాల్సిన ప్రోగ్రాముది. పేరు మాత్రం అక్షరానికి వచ్చింది. జ్ఞానం అన్న మాటలో మొదటి అక్షరం అది! తనను ఇముడ్చుకోలేని ఇంట్లో ఉన్నందుకు 'గయ్యాళి' అనిపించుకున్న ఆడవాళ్లు మన కథల్లో ఎంతమంది లేరు?

*

ఇక్కడిదాకా చెప్పినవి పాఠాలు. ఇకమీద చెప్పేది నా తప్పు.

నా పరిశోధన బీడీలు చుట్టే స్త్రీల జీవన కథనాల మీద. నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాల్లో రెండేళ్లు తిరిగాను. 31 మంది స్త్రీలు మాట్లాడారు. చేతిలో చాట, అందులో తునికాకు, తంబాకు, దారం. చెయ్యి ఆగకుండా మాట్లాడేవాళ్లు. వెయ్యి బీడీలకింత అని కూలి కాబట్టి చెయ్యి ఆగితే డబ్బు ఆగుతుంది. నేను రికార్డు చేసుకుని, ఇంటికొచ్చి, వాళ్ల మాటను వాళ్ల మాటలాగే కాగితం మీద రాసుకున్నాను.

2014లో థీసిస్ సమర్పించే ముందు మా గైడ్ అనుబంధం చూసి, "ఇది ముడి సరుకు. పరిశోధన కాదు. తగ్గించు" అన్నారు. ఒక్కొక్కరివి పదేసి పేజీలున్న మాటలు నాలుగైదు వాక్యాల ఉదాహరణలయ్యాయి. ఉదాహరణ 1, ఉదాహరణ 2... ఆయన ఒత్తిడి పెట్టారని ఇప్పుడు చెప్పుకోవచ్చు. కాని నిజానికి నేను పెద్దగా వాదించలేదు. నాకు డిగ్రీ కావాలి. పూర్తి పాఠం ఫైల్లో ఉంది కదా, ఎక్కడికి పోతుంది అనుకున్నాను. సీడీలో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ. రికార్డింగులున్న మెమరీ కార్డు ఇల్లు మారినప్పుడు పోయింది. అప్పుడు కూడా ఫైలుంది కదా అనే అనుకున్నాను.

2022లో ఒక ఫోన్ వచ్చింది. నేను మాట్లాడిన ఒకామె కూతురు. తల్లి 2021లో కరోనా రెండో దఫాలో పోయిందట. "మా అమ్మ మీకు దినమంతా చెప్పింది గదక్కా. గదంతా ఏడుంది? నాకు కావాలె" అంది.

థీసిస్ తీసి చూశాను. ఉదాహరణ 14. నాలుగు వాక్యాలు.

పెన్‌డ్రైవ్ పెట్టాను. ఫైల్ తెరుచుకుంది. లోపల ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు, ఫ్రెంచి వాళ్లు అక్షరాల మీద పెట్టుకునే గీతలు... దాదాపు మూడు వందల పేజీలు అంతా అలాగే. ఒక్క తెలుగు అక్షరం లేదు.

ఈ పత్రిక చదివే వాళ్లలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. మన తరం థీసిస్‌లు, పుస్తకాలు, చిన్న పత్రికలు ఎక్కువ భాగం డీటీపీ ఫాంట్లలో టైపయ్యాయి. ఆ ఫాంట్లలో, కంప్యూటర్ దృష్టిలో, తెలుగు లేదు. ఇంగ్లిషు అక్షరాలకూ చిహ్నాలకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కలు గీసి పెట్టారు. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తులు ఇంకోచోట. టైపు చేసేవాళ్లు ఆ ముక్కలను పేర్చి అక్షరం కట్టేవాళ్లు. ఫాంట్ ఉన్నంతసేపూ అది తెలుగు. ఫాంట్ లేకపోతే చెత్త. అప్పటి సాఫ్ట్‌వేర్ ఇప్పటి కంప్యూటర్ మీద ఎక్కదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 స్థానాలు ఇచ్చారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు యూనికోడ్ ఫాంట్ 'గౌతమి' ఉంది. 2003లో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇవన్నీ జరుగుతున్నప్పుడు కూడా, యూనివర్సిటీ గేటు ముందున్న డీటీపీ సెంటర్లలో పాత ఫాంట్లే నడిచాయి. ప్రెస్సులు అవే అడిగేవి కాబట్టి. నేనూ 2014లో అక్కడే టైపు చేయించాను.

ఫాంట్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్ల పేర్లు ఒకసారి చూడండి. గిడుగు, గురజాడ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, సురవరం, మండలి, ఎన్టీఆర్... అంతకుముందున్నవి పోతన, వేమన. మొల్ల పేరు నాకెక్కడా కనిపించలేదు. స్త్రీ పేర్లు లేవా అంటే ఉన్నాయి. గౌతమి, వాణి. ఒకటి నది, ఒకటి దేవత!

*

మూడేళ్ల బీకాం చదువుతున్న ఒక అమ్మాయి అప్పుడు నా క్లాసులో ఉండేది. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోన్ ఉంది కాని సాయంత్రం అన్న ఇంటికి రాగానే అది అన్నదైపోతుంది. మధ్యాహ్నం బస్సులో కూర్చుని ఫోన్‌లోనే కోడ్ రాసుకునేది. నా ఫైల్ గురించి క్లాసులో చెప్పినప్పుడు అందరూ అయ్యో అన్నారు. ఆమె మాత్రం ఒక పేజీ ప్రింటు, థీసిస్‌లో దాని అచ్చు కాపీ అడిగింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని వారం రోజులు చూసింది. "ఇది చెత్త కాదు మేడం. ప్రతిదానికీ ఒక అక్షరముంది. పట్టిక దొరికితే మార్చొచ్చు" అంది.

ఇంటర్నెట్‌లో ఇలాంటి మార్పిడి సాధనాలు కొన్ని ఉన్నాయి. ప్రయత్నించాం. మా ఫైల్లోని ఫాంటుకు ఏదీ సరిగ్గా కుదరలేదు. అచ్చులో ఉన్నది కొద్ది భాగమే కాబట్టి పోల్చి చూసుకునే వీలూ తక్కువ. పట్టిక సగంలో ఆగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఫైల్ టైపు చేసిన మనిషి.

ఆమె డీటీపీ ఆపరేటర్. యూనివర్సిటీ గేటుకు ఎదురుగా మెట్ల కింద రెండు కంప్యూటర్ల గది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పది దాకా టైపు చేసేది. ఎందరి డాక్టరేట్లు ఆమె వేళ్ల మీదుగా వెళ్లాయో లెక్క లేదు. మన థీసిస్‌ల కృతజ్ఞతల పేజీలో గైడు, హెడ్డు, లైబ్రేరియన్, తల్లిదండ్రులు ఉంటారు. చివర్లో 'డీటీపీ చేసిన వారికి' అని ఒక ముక్క ఉంటుంది. నా థీసిస్‌లోనూ అంతే, పేరు లేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. బీడీ స్త్రీల మాటలను దిద్దకుండా టైపు చేసిన మొదటి మనిషి ఆమే. "వచ్చిండ్రు" అని ఉంటే "వచ్చిండ్రు" అనే కొట్టింది. ప్రూఫులు చూసిన ప్రొఫెసర్లే వాటిని "వచ్చారు" చేశారు.

వెతికితే దొరికింది. డీటీపీ సెంటర్ ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు అదే వీధిలో జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం నడుపుతోంది. సంగతి చెబితే తల అడ్డంగా ఊపింది. "నాకు గీ కొత్త కీబోర్డు రాదు మేడమ్. ఫోన్ల తెలుగు కూడ మా బిడ్డనే కొడ్తది. నా పని అయిపోయింది" అంది. పాత కీబోర్డులో ఏ అక్షరం ఎక్కడుందో చెప్పమంటే చెప్పలేకపోయింది. నిజంగానే గుర్తు లేదు.

మా అమ్మాయికి ఒక ఆలోచన వచ్చింది. దుకాణం మూలలో పడి ఉన్న పాడైపోయిన కీబోర్డును తెచ్చి ఆమె ముందు పెట్టింది. "అక్కా, 'క్షేత్రం' అని కొట్టు" అంది. వేళ్లు కదిలాయి. ఆమె చూపు తలుపువైపే ఉంది. చేతులు మాత్రం వాటి దారిన అవి వెళ్లాయి. మళ్లీ కొట్టమని, మళ్లీ చూసి, అమ్మాయి ఒక్కో మీట రాసుకుంది. మూడు ఆదివారాలు పట్టింది. 217 వరసల పట్టిక తయారైంది.

పట్టికతో పని అయిపోలేదు. పాత ఫాంట్లో అక్షరాలు కంటికి కనిపించే వరసలో ఉంటాయి. 'స్త్రీ' అంటే ముందు సీ, తర్వాత కింది ఒత్తులు. యూనికోడ్‌లో పలికే వరసలో ఉండాలి. ఒత్తులు ముందుకు, గుడిదీర్ఘం చివరికి రావాలి. "కనిపించే వరస వేరు, పలికే వరస వేరు. మనం పలికే వరసలో రాయాలి మేడం" అని ఆ అమ్మాయి బోర్డు మీద రాసి నాకే చెప్పింది. లిపి మీద నేను విన్న ఉపన్యాసాలు చాలానే ఉన్నాయి. ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు.

అయినా కొన్నిచోట్ల ప్రోగ్రాం తప్పుతోంది. అదే అక్షరం కొన్ని పేజీల్లో సరిగ్గా మారుతోంది, కొన్ని పేజీల్లో విరిగిపోతోంది. అక్కను అడిగాం. కాసేపు ఆలోచించి, "రాత్రి అలసిపోయినప్పుడు ఒత్తు ముందు కొట్టేదాన్ని, గుడి తర్వాత. తెర మీద రెండూ ఒక్కతీర్గనే కనబడ్తయి గద" అంది. అమ్మాయి రెండో వరస కూడా ప్రోగ్రాంలో చేర్చింది. విరిగిన పేజీలన్నీ నిలబడ్డాయి.

*

ఆ రాత్రి ఉదాహరణ 14 పూర్తి పాఠం చదివాను. పదకొండు పేజీలు. అందులో నేను పూర్తిగా మరిచిపోయిన ఒక సంగతి ఉంది.

ఆమెకు చదువు రాదు. సాయంత్రం బీడీలు అప్పజెబితే ఠేకేదార్ ఒక పుస్తకంలో లెక్క రాసుకునేవాడు. బాగాలేవని కొన్ని తీసి పారేసేవాడు. పారేసినవెన్ని, రాసినవెన్ని ఆమెకు తెలిసేది కాదు. చిన్న కూతురు బడికి పోయి వచ్చి పలక మీద అంకెలు రాస్తుంటే, బీడీలు చుడుతూ పక్కన కూర్చుని ఆ అంకెలు నేర్చుకుంది. ఒకరోజు ఠేకేదార్ పుస్తకంలోకి తొంగి చూసింది. మూడు వందలు తక్కువున్నాయి. "నేను చూస్తి. చూస్తనని వానికి తెల్వది" అంది. తర్వాత గొడవైంది. వారం రోజులు ఆకు ఇవ్వలేదు. కాని ఆ వారం తర్వాత ఆ గల్లీలో ఎవరి లెక్కా తక్కువ రాలేదు.

ఇది ముడి సరుకట! నేను ఒప్పుకున్నానట!

ఫోన్ చేసిన ఆ కూతురే పలక మీద అంకెలు రాసిన పిల్ల. ఆ పదకొండు పేజీలు ఆమెకు పంపాను. రెండు రోజులు జవాబు రాలేదు. తర్వాత, "మా అమ్మ మాట్లాడినట్టే ఉన్నదక్కా" అని ఒక్క వాక్యం వచ్చింది.

*

ఈమధ్య క్లాసులో తరచు వచ్చే ప్రశ్న ఒకటుంది. "చాట్‌జీపీటీయే పేజీ తయారు చేసి ఇస్తుంటే మేమెందుకు నేర్చుకోవాలి మేడం?" 2022 నవంబర్ చివర్లో అది వచ్చింది. అదే నెలలో మెటా 11,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12,000 మందిని తగ్గించుకుంటానంది. పిల్లలు ఈ వార్తలు నాకంటే ముందే చదువుతారు. వాళ్ల ఇళ్లలో కూడా చదువుతారు. 'సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగాల్లేవంట, ఇక పెళ్లి చూద్దాం' అనడానికి ఆ వార్త పనికొస్తుంది. అదే వార్త అన్న ఇంజనీరింగ్‌ను ఆపినట్టు నేను వినలేదు.

ఉద్యోగం వస్తుందని నేను హామీ ఇవ్వలేను. నా ఉద్యోగానికే హామీ లేదు. అందుకని ఠేకేదార్ పుస్తకం కథ చెబుతాను. ఏ వెబ్ పేజీలోనైనా మౌస్ కుడి మీట నొక్కి దాని మూలం చూడవచ్చు. ఈ పేజీ ఏ భాషలో ఉన్నానని చెప్పుకుంటోంది? తెలుగు పేజీ అయినా పైన 'ఇంగ్లిషు' అని రాసి ఉందా? అలా ఉంటే చూపులేని వాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తప్పు గొంతుతో చదువుతుంది. బొమ్మకు మాటల్లో వర్ణన రాశారా, ఖాళీగా వదిలేశారా? ఫారంలో తండ్రి లేదా భర్త పేరు తప్పనిసరి చేసిందెవరు? ఆ గడి పక్కన 'తప్పనిసరి' అనే మాట ఎవరో ఒక మనిషి టైపు చేశాడు. తీసేయాలంటే ఆ ఒక్క మాట తీసేస్తే చాలు. యంత్రం రాసిచ్చిన పేజీలోనైనా అది ఉందో లేదో చూడాలంటే చదవడం రావాలి. చదవడం నేర్పడమే నా వృత్తి. పాఠ్యం మారిందంతే.

పాతబడటం గురించి కూడా చెబుతాను. 1946 ఫిబ్రవరిలో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటర్‌ను లోకానికి చూపించారు. దానికి ప్రోగ్రాం చేసినవాళ్లు ఆరుగురు స్త్రీలు. తీగలు, మీటలు మార్చి లెక్కలు చేయించడం వాళ్ల పని. ఆ రాత్రి విందుకు వాళ్లను పిలవలేదు. ఆ పని గుమాస్తా పని అనుకున్నంతకాలం ఆడవాళ్ల చేతిలో ఉంది. దానికి గౌరవం, జీతం పెరిగాక మగవాళ్లదైంది. మా డీటీపీ అక్క సంగతి దీనికి తిరగబడిన బొమ్మ. ఆమె నేర్పు ఒక అప్‌డేట్‌తో 'అయిపోయింది'. అయిపోయిందని ఆమె కూడా నమ్మింది. కాని కొత్తదానిలోకి దారి ఆమె వేళ్లలోనే ఉంది.

అన్నీ పాతబడాల్సిందే అనేవాళ్లకు ఇంకో ఉదాహరణ చూపిస్తాను. 1991లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్ లీ పెట్టిన మొదటి వెబ్‌సైట్‌ను 2013లో సెర్న్ వాళ్లు దాని పాత చిరునామాలోనే మళ్లీ నిలబెట్టారు. ఈనాటి ఫోన్‌లోనూ అది తెరుచుకుంటుంది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ తన వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చని ప్రకటించింది. దాని నియమాలు అందరికీ తెలుసు, ఎవరి సొంతమూ కాదు. అందుకే 1991 నాటి పేజీ బతికింది. 2014 నాటి నా ఫైల్ మూగబోయింది. దేన్ని నిలబెట్టాలి, దేన్ని వదిలేయాలి అన్నది ఎక్కడో ఎవరో కూర్చుని నిర్ణయిస్తారు. వాళ్లు తప్పు చేస్తే ఏమవుతుందో 2024 జూలై 19న చూశాం. క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన ఒక్క అప్‌డేట్ లోపంతో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. హైదరాబాద్ నుంచి విమానమెక్కే వాళ్లకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. ఆ రోజు అవసరమైన నైపుణ్యం చేతిరాత!

*

31 మందిలో బతికున్న వాళ్లను, పోయినవాళ్ల పిల్లలను కలిశాం. మీ మాటలు అందరూ చదివేలా పెట్టవచ్చా అని అడిగాం. ఆనాడు థీసిస్ కోసం తీసుకున్న ఒప్పుదల దీనికి సరిపోదు కదా. నలుగురి జాడ దొరకలేదు. ముగ్గురు వద్దన్నారు. ఆ ఏడుగురి మాటలు మా దగ్గరే ఉన్నాయి. మిగిలిన 24 మందివి సాదా హెచ్‌టీఎంఎల్ పేజీలు చేశాం. రంగులు లేవు, కదిలే బొమ్మలు లేవు. మొదటి పేజీలో టైపు చేసినవారు, మార్చినవారు అని ఇద్దరి పేర్లున్నాయి. పదేళ్ల కిందట నేను రాయాల్సిన కృతజ్ఞత అది.

ల్యాబ్‌లో అర్హత లేని పదిహేడింటిలో ఆరింటి మీద పిల్లలే లైనక్స్ ఎక్కించారు. అవి ఇప్పుడు హాయిగా నడుస్తున్నాయి. మిగిలినవాటికి పైనుంచి అనుమతి రావాలంటున్నారు. పాత సామానుగా అమ్మేద్దామన్న ప్రతిపాదన కూడా ఫైల్లో ఉందట. ఏది ముందొస్తుందో చూడాలి. జూన్‌లో నాకు రెన్యువల్ వస్తుందో లేదో అది కూడా చూడాలి.

ఆ అమ్మాయి డిగ్రీ అయింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాలేదు. ఒక బట్టల దుకాణంలో బిల్లింగ్ కౌంటర్‌లో పని చేస్తోంది. ఇప్పుడు ఫోన్ ఆమెది, సొంత జీతంతో కొనుక్కుంది. పేజీల బాధ్యత ఇంకా ఆమే చూస్తుంది. పోయిన వారం రాత్రి పదిన్నరకు మెసేజ్ పెట్టింది. బ్రౌజర్‌కు కొత్త అప్‌డేట్ వచ్చింది, మీ దగ్గర ఒకసారి పేజీలన్నీ తెరిచి చూడండి మేడం, ఎక్కడా ఒత్తులు తెగడం లేదు కదా, అని.

24 పేజీలూ తెరిచి, కిందిదాకా చూశాను. ఎక్కడా తెగలేదని జవాబు రాశాను.